మొయినాబాదు విసుర్రాయిని మారెమ్మ సరిగా తిప్పిన వైనము

ఉత్తరమున మూసీ, దక్షిణమున ఈసా అను రెండు మహానదులు, వేసవి కావున నీటిని మాని ఇసుకతోనే మెరయుచుండగా, ఆ రెంటి నడుమ మామిడితోటలతో, జొన్నచేలతో, దుమ్ముబాటలతో విలసిల్లు మొయినాబాదు ప్రాంతమందు, సర్కారువారి ఫసలీ లెక్కన పదమూడువందల యాభైయవ సంవత్సరమున, తీర్ అను నడివేసవి మాసమున, శుక్రవారము నాడు, సూర్యుడు నడినెత్తికి ఇంకను జానెడు దూరమున ఉన్న వేళ, ఒక ఘోరసంగ్రామము జరిగెను. సరిగా ఆ వేళకే సముద్రముల అవతల మహాసామ్రాజ్యములు ఫిరంగులతోను విమానములతోను పోరాడుచుండెను. ఆ యుద్ధములను పత్రికలవారు వ్రాసిరి, రేడియోవారు చదివిరి. మొయినాబాదు సంగ్రామమును ఎవరును వ్రాయలేదు, ఎవరును చదువలేదు. కావున మేము చెప్పుచున్నాము. వినువారు నీడ చూచుకొని కూర్చుండుడు.

ఈ సంగ్రామమునకు బీజము చేవెళ్లలో పడెను. ఆ ఊరి మిషను బడిలో నాలుగవ తరగతి పర్యంతము సకలశాస్త్రములను బోధించు మహోపాధ్యాయుడు, సుద్దముక్కాయుధపాణి, బెత్తమును ధరించియు ఎన్నడును ఎత్తనివాడు, ఊరిలో కోటు గల ముగ్గురిలో మూడవవాడు అగు సాలోమోను, భార్య వసంతమ్మతోను తల్లి మారెమ్మతోను సుఖముగా కాలము గడుపుచుండెను. ఆ సుఖమునకు లోపము ఒక్కటే. ఇంటి వసారాలో ఒక విసుర్రాయి కలదు. అది మారెమ్మ కాపురమునకు వచ్చిననాడు ముడిమ్యాలనుండి బండిమీద తెచ్చుకొన్న రాయి. ప్రతిదినము కోడి కూయక ముందే ఆ వృద్ధవీరమాత రాయి ముందు ఒక కాలు చాచి కూర్చుండి జొన్నలు విసరుట ఆరంభించును. అంతట మేఘగర్జనాసదృశమగు ఘుర్ఘురధ్వని ఇల్లెల్ల నిండును. మహోపాధ్యాయుని నిద్ర పారిపోవును. అతడు దుప్పటి కప్పుకొని వసారాలోనికి వచ్చి, ఊరిలో పిండి గిర్ని వెలసిన నాటినుండి, అనగా రెండేండ్లుగా, ఒకే యుద్ధమును తిరిగి తిరిగి చేయుచుండెను.

"అవ్వా, గిర్నిల అరగంటల అయిపోతది. నువ్వెందుకు పానం తీసుకుంటవ్?"

"గిర్ని పిండి ఉడుకుతది కొడుకా. అది సచ్చిన పిండి. దానితోని రొట్టె చేస్తే నడుమ ఇరుగుతది."

"ఇరిగినా కడుపులకే పోతది కద!"

"ఇరిగిన రొట్టె నేను ఎవ్వరికీ పెట్టలె. ఇగ పెట్ట."

ఇంతటితో ఆనాటి యుద్ధము ముగియును. వసంతమ్మను సాక్ష్యమునకు పిలిచినప్పుడెల్ల ఆమె "నాకైతే రెండు మంచిగనే ఉన్నయ్" అని చెప్పి పొయ్యి ఊదుటకు పోవును. రెండు పెద్దరాజ్యముల నడుమ చిక్కిన చిన్నరాజ్యమునకు ఇంతకంటె మేలైన రాజనీతి లేదు.

ఇట్లుండగా వేసవి సెలవులు వచ్చెను. మొయినాబాదు సమీపమున ఒక జాగీర్దారు కలడు. ఆయన సముద్రముల అవతలి ఆ యుద్ధమునకు ముందు సీమదేశములు తిరిగి, అచ్చట ఒక పట్టణమున పాతకాలపు ఇండ్లను నిలిపి, మనుష్యులకు పాతకాలపు బట్టలు తొడిగి, పాతకాలపు పనులు చేయించి చూపు ఒక తోటను దర్శించి, పరవశుడై, ఇంటికి వచ్చి, తన మామిడితోటలోని శిథిలమగు గడీ చుట్టును మూడువందల ఏండ్ల క్రిందటి ఊరినొకదానిని కట్టించెను. దానికి గుజ్రా జమానా, అనగా గడచిన కాలము, అని పేరుపెట్టి, వేసవిలో ప్రజలందరును వచ్చి చూడవచ్చునని చాటింపు వేయించెను. ఈ వార్త చెవిని పడిన క్షణముననే సాలోమోను మనస్సులో ఒక మహావ్యూహము ఉదయించెను. మూడువందల ఏండ్ల క్రిందటి వస్తువులలో విసుర్రాయి ఉండక తప్పదు. దానిని తాడు కట్టి, పలక పెట్టి, వింతవస్తువువలె చూపుచుండగా తల్లి కన్నులారా చూడవలెను. చూచి, తన రాయికి కాలము చెల్లినదని తానే గ్రహించవలెను. ఇట్లు బడిసెలవుల విహారమను పేరుతో దండయాత్ర నిర్ణయింపబడెను.

శుక్రవారము తెల్లవారుజామున, పొరుగింటి బీరయ్యను అడిగి తెచ్చిన ఎడ్లబండిలో గడ్డి పరచి, జొన్నరొట్టెలను, ఎల్లిగడ్డ కారమును, ఉల్లిగడ్డలను తడిగుడ్డలో మూటకట్టి, ముగ్గురును బయలుదేరిరి. సాలోమోను పగ్గములు పట్టెను. కోటును మడిచి తువ్వాలలో చుట్టి ఒడిలో పెట్టుకొనెను, ఏలయన దుమ్ము కోటుకు పరమశత్రువు. దారి పొడవునను అతడు గడచిన కాలముయొక్క అజ్ఞానమును గూర్చి తల్లికి బోధించుచుండెను. తల్లి ఎడ్లను చూచుచుండెను. "ఎడమ ఎద్దు గొంతు ఒరుస్తున్నది, కాడి జర సర్దు" అని రెండుమారులు చెప్పెను. మొయినాబాదు మొదటి ఇండ్లు కనబడగనే మహోపాధ్యాయుడు బండి నిలిపి, కాడిని సర్ది, కోటు తొడిగెను.

తోట ద్వారమున ఒక భయంకరాకారుడు నిలిచియుండెను. తలపై ఇనుప టోపీ, ఒంటిపై ఇనుప వలయముల అంగీ, చేత ఏడడుగుల బల్లెము. అతని పేరు సంగయ్య. మొన్నటివరకు ఆ తోటలోనే మామిడిచెట్లకు నీరు కట్టినవాడు. ఇప్పుడు కోట కావలివాడుగా నియమింపబడి, తీర్ మాసపు ఎండలో ఇనుమును ధరించి, పెనముమీది రొట్టెవలె మౌనముగా కాలుచుండెను.

"ఆగుండ్రి!" అని అతడు గర్జించెను. "ఎవరు మీరు? ఏ రాజ్యంకెల్లి వచ్చిండ్రు?"

"చేవెళ్లకెల్లి వచ్చినం" అని సాలోమోను చెప్పెను.

సంగయ్య గొంతు తగ్గించెను. "చేవెళ్ల అనొద్దు సారూ. మూడువందల ఏండ్ల కిందటి ముచ్చట లెక్క చెప్పాలె. గట్లనే అడుగుమని నాకు హుకుం."

"మూడువందల ఏండ్ల కింద చేవెళ్ల లేకుండెనా?" అని మారెమ్మ అడిగెను.

సంగయ్య ఆలోచించెను. ఈ ప్రశ్నకు అతనికి హుకుము లేదు. "ఉండొచ్చు" అని ఒప్పుకొనెను. "పోండ్రి లోపలికి. ఏదీ ముట్టకుండ్రి జర. మీరు ముట్టిన్రంటే నా నౌకరి పోతది."

మారెమ్మ అతని ముఖమును పరిశీలించెను. "టోపీ కాలుతలేదా బిడ్డా?"

"కాలుతున్నది అవ్వా."

"మరి తియ్యి."

"తియ్యొద్దని హుకుం."

ఆమె రొట్టెలమూట తడిగుడ్డనుండి జానెడు పేలిక చించి ఇచ్చెను. "తీయకు. కింద ఇది పెట్టుకో." సంగయ్య అటునిటు చూచి, పేలికను టోపీ క్రింద దూర్చి, మూడువందల ఏండ్లలో మొదటిసారిగా చల్లని నిట్టూర్పు విడిచెను.

బండిని చెట్టుక్రింద విడిచి వారు నాలుగడుగులు నడచిరో లేదో, పట్టణమునుండి మోటారులో వచ్చిన పెద్దమనుష్యులు కొందరు ఆ బండి చుట్టును మూగిరి. ఒకాయన చక్రమును చేతికర్రతో తట్టెను. "చూడుండ్రి, ఎంత పాతదో! ఎక్కడకెల్లి పట్టుకొచ్చిన్రో గాని అచ్చం అసలుదాని లెక్కనే ఉన్నది" అనెను. ఇంకొకాయన ఎద్దు కొమ్మును ముట్టి, "ఎద్దులు గూడ ఆ కాలంవే!" అని మెచ్చెను. సాలోమోను చెవులు ఎర్రబడెను. అతడు కోటు గుండీలు పెట్టుకొని, ఆ బండి ఎవరిదో తనకు తెలియనట్లు ముందుకు సాగిపోయెను. ఇది మన వీరుని మొదటి పలాయనము. కథకుడు దీనిని దాచడు.

తోటలో అద్భుతములు వరుసగా ఎదురుపడెను. ఒక చప్టామీద కుమ్మరి సారె తిప్పుచుండెను. ఒక పందిరిక్రింద సాలెవాడు మగ్గము నేయుచుండెను. బావివద్ద మోట తోలుచుండిరి. పట్టణపు స్త్రీలు "అబ్బా!" అనుచుండిరి. మారెమ్మ ఒక్కొక్క దానివద్ద మర్యాదగా నిలిచి, చూచి, కొడుకు ముఖమువంక చూచెను. ఇందులో వింత ఏదో ఉండియుండును, తనకు కనబడుటలేదు, చదువుకొన్నవాడు చెప్పునని ఆమె నిరీక్షించుచుండెను. అప్పుడు సాలోమోను మోటబావి గట్టుమీద నిలిచి, కుడిచేయి చాచి, నలుబది మంది పిల్లలకు వినబడు కంఠముతో ఇట్లు పలికెను:

"చూసినవా అవ్వా! గీ సారె, గీ మోట, గీ మగ్గం, అన్ని గుజిరిపోయిన కాలంవి! మనుషులు చెమట కార్సి, నడుములు ఇరగ్గొట్టుకొని, పిడికెడు మెతుకులకు పొద్దంత కష్టపడ్డ కాలంవి! ఆ కాలం పోయింది! రైలొచ్చింది, మోటరొచ్చింది, తారొచ్చింది, గిర్ని వచ్చింది! ఎనుకటిది ఎనుకనే ఉండాలె, మనిషి ముంగటికి పోవాలె!"

"మోట మనూళ్ల నిన్నగూడ కొట్టిన్రు కద కొడుకా" అనెను మారెమ్మ.

వసంతమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొనెను. ఆమెకు దగ్గు వచ్చెనని మేము చెప్పుదుము.

ఆ మీదట వారు చేరవలసిన రణభూమికి చేరిరి. తాటాకు పందిరి. చుట్టును కొబ్బరితాడు. తాడుకు వ్రేలాడుచు ఒక పలక: మూడువందల ఏండ్ల కిందటి విసుర్రాయి. ముట్టరాదు. ఈ పలకకొరకే సాలోమోను పది మైళ్లు ఎడ్లను తోలెను. అతడు దానిని పైకి, నెమ్మదిగా, పదము పదమునకును విరామమిచ్చి చదివి, బాణము తగిలినదా అని తల్లివైపు తిరిగెను.

తల్లి పలకను చూచుటలేదు. ఆమె దృష్టి రాతిమీద నిలిచియుండెను. ఆమె ముఖమున ఏదో జరుగుచుండెను. కన్నబిడ్డకు ఎవరో అంగీని తలక్రిందుగా తొడుగుచుండగా చూచు తల్లి ముఖమున జరుగునట్టిది.

రాతి ముందు కూర్చున్నది కృష్ణమ్మ. ఆమె పట్టణమున నాటకములలో రాణివేషములు వేయునది. వేసవిలో నాటకములు ఆగిపోగా, జాగీర్దారు ఆమెను పిలిపించి, రాణివాసపు దాసిగా ఈ రాతిముందు కూర్చుండబెట్టెను. ఆమె గొంతు గంటవంటిది, కన్నులు కలువలవంటివి. విసుర్రాతిని మాత్రము ఆమె జీవితమున మూడు దినములుగా మాత్రమే ఎరుగును. ఆమె పిడిని రెండు చేతులతో గుప్పిట బిగించి, దానిని తిరుగకూడని దిక్కునకు తిప్పుచుండెను. రాయి కీచుకీచుమని ఏడ్చుచుండెను. అంచునుండి పిండికి మారుగా బొరబొర నూక రాలుచుండెను.

"ఓ బిడ్డా" అనెను మారెమ్మ తాడు ఇవతలనుండి. "రాయి ఎదురు తిప్పుతున్నవ్."

పాతకాలపు భాషలోనే మాటలాడవలెనని కృష్ణమ్మకును హుకుము కలదు. పైగా పదిమంది చూచుచున్నారు. ఆమె తల ఎత్తి, వేదికమీద సింహాసనముముందు నిలిచినట్లు కంఠమెత్తెను:

"ఎవతెవు నీవు, వృద్ధాంగనా? ఈ మహాదుర్గమున రాణివాసమునకు దినమునకు పుట్టెడు జొన్నలు విసరు దాసిని నేను! ఈ శిల నా యాజ్ఞకు తిరుగును గాని అన్యుల యాజ్ఞకు తిరుగదు! సూర్యుడు పడమట పొడిచిన పొడుచుగాక, సముద్రములు ఇంకిన ఇంకుగాక, పట్టిన ఈ పిడిని ప్రాణముండగా విడువను! తొలగుము!"

చూపరులు చప్పట్లు కొట్టిరి.

"పిడి ఇడువుమంటలేను బిడ్డా" అనెను మారెమ్మ ఓపికగా. "అటు దిక్కు తిప్పుమంటున్న. ఉలితోని రాయికి కక్కు కొట్టినోడు గంట్లు అటు పెట్టిండు. ఎదురు తిప్పితే నూకనే పడతది. రాయి గూడ పాడైతది."

కృష్ణమ్మ మరింత బిగించి తిప్పెను. రాయి ఏడ్చెను. మారెమ్మ చీరకుచ్చెళ్లను చేతబట్టి, తాడును ఎత్తి, దానిక్రిందుగా వంగి అవతలికి పోయెను.

ఒక్కమారుగా హాహాకారము లేచెను. ద్వారమునుండి ఇనుప అంగీ గలగలలాడుచుండగా సంగయ్య పరుగున వచ్చి బల్లెము అడ్డము పెట్టెను. "అవ్వా! తాడు దాటొద్దు! చెప్పిన కద, నా నౌకరి పోతది!"

అప్పుడు ముడిమ్యాల ఆడబిడ్డ, చేవెళ్ల కోడలు, రెండు తరములకు రొట్టె పెట్టినది అగు మారెమ్మ బల్లెపుమొనను చూపుడువ్రేలితో పక్కకు తొలగించి ఇట్లు పలికెను:

"నేనేం ఎత్తుకపోతలేను కొడుకా. నువ్వు పుట్టకముందుసంది నేను రాయి ముంగట కూసుంటున్న. పెండ్లిండ్లకు ఇసిరిన, పురుళ్లకు ఇసిరిన. కరువుల జొన్నలు లేకుంటే గడ్డిగింజలు ఇసిరిన. నా పెనిమిటి సచ్చిపోయిన దినం గూడ, వచ్చినోళ్లు ఉపాసం పోవద్దని, ఏడ్చుకుంటనే ఇసిరిన. ఒక్కనాడు ఎదురు తిప్పలె. నా కండ్ల ముంగట ఎదురు తిప్పుతుంటే చూసుకుంట నిలబడుమంటవా? నిలబడ. పొడుస్తవా, పొడువు."

సంగయ్య పొడువలేదు. బల్లెము మొన కొంచెము కొంచెముగా నేలను చూచెను.

మారెమ్మ రాతి ముందు కూర్చుండి పిడిని పట్టెను. కృష్ణమ్మ విడువలేదు. వినుడు! ఒక్క పిడిమీద నాలుగు చేతులు, ఒకటి తూర్పునకును ఒకటి పడమటకును లాగు రెండు మహాబలములు, ఒకవైపు ముప్పది ఏండ్ల నాటకశాలా సింహనాదము, మరియొకవైపు అరువది ఏండ్ల జొన్నరొట్టెల సారము, రెండును సరిసమానమై ఒకదానినొకటి మింగుచుండగా, ఆ రాయి ఇటును పోలేక అటును పోలేక, నూరు లెక్కించునంతసేపు, అచలమై, నిశ్శబ్దమై, దిగ్గజములు మోయు భూమివలె నిలిచిపోయెను. జొన్నలు నలుదిక్కులకు చెదరెను. కృష్ణమ్మ చేతి గాజు ఒకటి పగిలెను. మారెమ్మ మోకాలు కటుక్కుమనెను.

"అత్తమ్మా, మోకాలు పైలం!" అని వసంతమ్మ తాడు ఇవతలనుండి కేకవేసెను. చిన్నరాజ్యము ఇట్లు పక్షము ప్రకటించెను.

ముఖమునకు ముఖము ఎదురుగా ఉండగా, కృష్ణమ్మ పెదవులు కదల్పక గుసగుసలాడెను. "అవ్వా, నీ కాళ్లు మొక్కుత, జర ఇడిసిపెట్టు. నాకు ఇసురుడు రాదు. మా గల్లీలనే గిర్ని ఉన్నది. పొద్దుగూకేదాక తిప్పుమన్నరు, తిప్పుతున్న. చేతులు చూడు, బొబ్బలెక్కినయ్."

"బొబ్బలు ఎందుకు రావు? ఎదురు తిప్పితే రాకేమైతది?" అని మారెమ్మ కూడ గుసగుసలాడెను. కాని ఆమె పట్టు కొంచెము మెత్తబడెను.

సరిగా అప్పుడే జాగీర్దారు అతిథులతో కూడ అచటికి విచ్చేసెను. ఆయన ఆ దృశ్యమును చూచి నిలిచిపోయెను. "వాహ్! ఈ ముసలమ్మ ఎవరు? నేనైతే పెట్టలేదు. ఎంత అసలుగున్నది!" పక్కకు తిరుగగా, తాడువద్ద కోటు తొడిగిన పెద్దమనిషి ఒకడు కనబడెను. "సారూ, మీరు మొదటిసంది ఈడనే ఉన్నట్టున్నరు. ఎవరామె? మీకేమన్న ఎరుకనా?"

ఆ పెద్దమనిషి సాలోమోను. అతిథులందరును అతనివైపు చూచిరి. వారిలో బండిచక్రమును తట్టినాయనయు ఉండెను. వారందరివలెనే సాలోమోనును కోటు తొడిగియుండెను. తెలియదు అను ఒక్కమాట చాలును. ఆ మాట నాలుకమీదికి వచ్చెను కూడ.

ఎదుట తల్లిచేయి కనబడెను. మణికట్టున నరములు ఉబ్బియుండెను. ఆ చేయి తిరుగుచుండగా, ఆ ఘుర్ఘురధ్వనిలోనే, దీపమువద్ద కూర్చుండి తాను అక్షరములు దిద్దుకొనెను. తాను బోర్డింగుబడికి పోవు తెల్లవారుజామున ఆ రాయి ఎంతసేపు తిరిగెనో, ఆ రొట్టెలు వికారాబాదు చేరువరకు ఎట్లు మెత్తగా ఉండెనో అతనికి జ్ఞాపకము వచ్చెను. నడుమ ఒక్కటియు విరుగలేదు. విరుగని సంగతి తాను ఇన్నాళ్లు గమనింపలేదు.

"మా అవ్వ!" అనెను సాలోమోను. నలుబదిమంది పిల్లలకు వినబడు కంఠము కావున తోటయంతయు వినెను. "ఆమె మా అవ్వ. ఆ బండి గూడ మాదే. బీరయ్యది, అడిగి తెచ్చినం."

పిమ్మట అతడు కోటు విప్పెను. విప్పిన కోటును ఎచ్చట పెట్టవలెనో తోచక, ఎదురుగా నున్న జాగీర్దారు చేతిలో పెట్టెను. జాగీర్దారును తోచక పట్టుకొనెను. మహోపాధ్యాయుడు తాడును దాటబోయి, కాలు తగిలి, తాడుతోను పలకతోను కూడ రణభూమిలో పడి, లేచి, మోకాళ్ల దుమ్మును దులుపుకొనక, రాతికి ఈవలిప్రక్క తల్లికి ఎదురుగా కూర్చుండెను.

"అక్కా, జర జరుగుతరా?" అని కృష్ణమ్మను మర్యాదగా అడిగెను.

కృష్ణమ్మ ప్రాణముండగా విడువనని పదిమందిలో ప్రతిజ్ఞ చేసినది. ఆమె ప్రజలవైపు తిరిగి, తల ఎత్తి, "నేను విడువలేదు. చెయ్యి జారినది" అని ప్రకటించి, వెనుకకు జరిగి, అరచేతులను నోటితో ఊదుకొనెను.

తల్లియు కొడుకును చెరియొక చేతితో పిడిని పట్టిరి. రాయి ఒక్కక్షణము సందేహించెను. పిమ్మట, మూడు దినములకు మొదటిసారిగా, తిరుగవలసిన దిక్కునకు తిరిగెను. కీచుధ్వని ఆగిపోయెను. లోతైన, నిండైన, కడుపునిండిన పులి నిదురవంటి ఘుర్ఘురధ్వని పందిరినెల్ల నింపెను. ఎవరును చప్పట్లు కొట్టలేదు. అందరును వినుచుండిరి.

"మెల్లగ కొడుకా" అనెను మారెమ్మ. "గిర్ని అనుకుంటున్నవా?"

సాలోమోను మెల్లగా తిప్పెను. నాలుగు చుట్లలో అతనికి చెమట పట్టెను. పది చుట్లలో భుజము పట్టెను. "ఇంత బరువుంటదా అవ్వా?" అని అడిగెను. "ఎప్పుడన్న చెప్పినవా నాకు?"

"నువ్వు అడుగలె" అనెను తల్లి. "గిర్ని సంగతే అడుగుడైపాయె."

జాగీర్దారు కోటుతో సహా ముందుకు వచ్చి, రాతి అంచున రాలిన నూకను ఒకసారి, దానిమీద పడుచున్న తెల్లని పిండిని ఒకసారి చూచెను. "మూడు దినాలసంది ఈ రాయి ఎదురు తిరిగిందా?" అని అడిగెను. కృష్ణమ్మ అరచేతులను కొంగులో దాచుకొనెను. ఆయన ముఖము చిన్నబోయెను. సీమదేశములు తిరిగి, ఇంత ఊరు కట్టించి, తన వంటయింటివెనుక దినదినము తిరుగు రాయి ఏ దిక్కునకు తిరుగునో ఆయన ఎన్నడును చూచియుండలేదు. అందుచేత ఆయన సంగయ్యవైపు తిరిగెను. "నువ్వెందుకు ఆపలేదు ఈమెను?"

సంగయ్య బల్లెమును నిలువుగా పట్టుకొని, రెండు కాళ్లు దగ్గరకు చేర్చి చెప్పెను. "మూడువందల ఏండ్ల కింద పెద్దోళ్ల మాట ఇంటుండిరి సాబ్. నన్ను గట్లనే ఉండుమన్నరు కద."

ఈ జవాబునకు సీమదేశములందుగాని స్వదేశమునందుగాని ఖండనము దొరకదు. సంగయ్య నౌకరి నిలిచెను. జాగీర్దారు మారెమ్మతో, ఆమె ఇష్టపడినచో వేసవియంతయు ఈ పందిరిలోనే కూర్చుండవచ్చునని చెప్పెను. "మా ఇంట్ల రాయి ఉన్నది అయ్యా" అని ఆమె బదులు చెప్పెను. సాలోమోను దానికి తల ఊపెను. వసారాలోని రాతిని గూర్చి అతడు జీవితమున చేసిన చివరి వాదము ఆ తల ఊపుటయే.

పిమ్మట మారెమ్మ కృష్ణమ్మను పక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె అరచేతులను తిప్పి చూచి, చుచ్చుచ్చు అని, తన కొంగు అంచు చించి కట్టు కట్టెను. "రెండు చేతులతోని గుప్పిట పట్టొద్దు బిడ్డా. పట్టి పట్టనట్టు పట్టాలె. రాయి దానంతటదే పోతది, నువ్వు ఎంబడి పోవాలె, అంతే." కృష్ణమ్మ పట్టి పట్టనట్లు పట్టెను. రాయి ఆమె చేతిని తీసుకొని తిరిగెను. అంతవరకు ఏ సింహాసనముమీదను నవ్వనట్లుగా ఆమె నవ్వి, పాతకాలపు భాషను మరచి, "అయ్యో, గింతేనా!" అనెను.

శ్రోతలారా, సంగ్రామఫలమును చాటుచున్నాము. సేనలు లేవు. రక్తపాతము లేదు. హతమైనది ఒక గాజు, కూలినది ఒక పలక, అలసినది ఒక ఉపాధ్యాయుని కుడిభుజము. ఇంతటి మహాప్రయత్నముచే, మధ్యాహ్నపు ఎండలో, వందమంది సాక్షిగా, మొయినాబాదు తోటయందు సాధింపబడినది జొన్నపిండి, కొలతకు ఒక పిడికెడు. మారెమ్మ దానినుండి చిటికెడు తీసి, నాలుకమీద వేసుకొని, కన్నులు మూసికొని, చాలసేపు ఆలోచించెను.

"జర నూక కలిసింది" అనెను. "అయినా పిండే."